కాఫీ పొడి కింది గాయం

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించగానే రావియా చేతిలోని తవుడు గిన్నె కింద పెట్టేసి, బుట్ట మీదికి గోనెపట్టా లాగింది. అంచున ఒక ఇటుక కూడా పెట్టింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు రొట్టెల పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

మేడ మీదికి వచ్చింది సమాహ్, ఆమె తోడికోడలు. చంకలో తడిబట్టల టబ్బు.

"పొద్దున్నే ఏం ఎండ అక్కా! గాడిద మెదడు కూడా ఉడికిపోయేలా ఉంది."

"నీకేం తల్లీ, మీట నొక్కితే ఉతికి పిండి ఇచ్చే మిషనుంది. ఆరేయడానికి పైకి రావడమే నీకు కష్టం."

సమాహ్ ఆ మాటను నవ్వులో కలిపేసి దండెం మీద దుప్పట్లు పరిచింది. పరుస్తూ పరుస్తూ గోనె వైపు చూసింది.

"మిష్మిషా ఏది? నాలుగు రోజులుగా కనబడటం లేదు. ఒంట్లో బాలేదా?"

"బంగారంలా ఉంది. నీ చూపు పడనంత కాలం బంగారంలానే ఉంటుంది."

సమాహ్ చేతిలోని క్లిప్పు జారి కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు. ఖాళీ టబ్బు ఎత్తుకుని దిగిపోయింది.

అడుగుల చప్పుడు అణిగాక రావియా గోనె ఎత్తింది. లోపల కోడి మెడ ముడుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. వేసిన గింజ వేసినట్టే ఉంది. తోక మొదట్లో కట్టిన గుడ్డ కాఫీ పొడితో నల్లగా బిరుసెక్కింది. ఏదో వాసన వస్తోంది. రావియా ముక్కు చిట్లించి మళ్ళీ గోనె కప్పేసింది.

'దాని కన్నే,' అనుకుంది. 'నూటికి నూరుపాళ్ళూ దాని కన్నే.'

ఈజిప్టు పల్లె కఫ్ర్ నఖ్లాలోని ఆ మూడంతస్తుల ఇల్లు అత్తగారు హజ్జా తఫీదాది. కింద ఆవిడ ఉంటుంది. మధ్య అంతస్తులో పెద్దకోడలు రావియా, పై అంతస్తులో చిన్నకోడలు సమాహ్. రావియాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు తామిర్ కాబట్టి ఊరంతా ఆమెను ఉమ్ తామిర్ అంటుంది, తామిర్ తల్లి అని. సమాహ్‌కు పెళ్ళయి ఏడేళ్ళు. ఆమెను మాత్రం అందరూ ఉత్త సమాహ్ అనే పిలుస్తారు. పెళ్ళయిన ఆడదాన్ని ఉత్త పేరుతో పిలుస్తున్నారంటే ఆ ఊళ్ళో ఇంకేమీ అడగనక్కర్లేదు.

చూసేవాళ్ళకు, కుళ్ళుకోవలసింది సమాహే అనిపిస్తుంది. కానీ ఆ ఇంట్లో కుళ్ళుతో కుతకుతలాడేది రావియా. సమాహ్ మొగుడు కువైట్ నుంచి బట్టలుతికే మిషను పంపాడు. తన మొగుడు ధాన్యం మిల్లు నుంచి ఒంటినిండా పొట్టు తెస్తాడు. సమాహ్ వ్యవసాయ డిప్లొమా చదివింది. తాను ఆరో తరగతిలో ఆగిపోయింది. సమాహ్ వండిన మొలోఖియా కూరను అత్తగారు రెండోసారి అడిగి మరీ వేయించుకుంటుంది. తన పిల్లలు కూడా బడి నుంచి రాగానే తన గుమ్మం దాటి పై అంతస్తుకే పరుగెత్తుతారు. అక్కడ ఫ్యాను కొత్తది, పిన్ని కథలు చెబుతుంది. తలుపు వెనక నిలబడి ఆ పరుగుల చప్పుడు విన్నప్పుడల్లా రావియా గుండెలో ఎవరో మిరపకాయ నూరినట్టుండేది.

ఆ ఇంట్లో తన ఒక్కదాని కోసమే పరుగెత్తుకొచ్చే ప్రాణి మిష్మిషా. ఆప్రికాట్ పండు రంగు కోడి కాబట్టి ఆ పేరు. పిల్లగా ఉన్నప్పుడు దాన్ని గౌను జేబులో పెట్టుకుని పెంచింది. ఇప్పుడు పెద్దదైనా, రావియా పొయ్యి ముందు కూర్చుంటే భుజమెక్కి కూర్చునేది. ఇంకెవరు చెయ్యి చాపినా దగ్గరికి పోయేది కాదు.

పోయిన శుక్రవారం దాకా పోయేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం రావియా మేడ మీదికి వచ్చేసరికి మిష్మిషా సమాహ్ ఒళ్ళో ఉంది. కళ్ళు సగం మూసి, మెడ గోకించుకుంటూ!

"ఎంత ముద్దుగా ఉందో చూడక్కా," అంది సమాహ్. "ఇకనుంచి నన్నూ ఎవరూ ఉత్త సమాహ్ అనకూడదు. ఉమ్ మిష్మిషా అనాలి, తెలిసిందా?"

సమాహ్ సరదాకే అంది. కానీ రావియా చెవికి రెండు సంగతులు తగిలాయి. ఒకటి, మెచ్చుకుంది గానీ మాషా అల్లా అనలేదు. దేవుడి పేరు తలవకుండా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. రెండు, ఉన్న ఒక్క కోడికీ తల్లినని చెప్పుకుంటోంది.

రావియా కోడిని లాక్కుని, తీసుకెళ్ళి పాత పావురాల గూట్లో పడేసి తలుపు బిగించింది. ఇరుకు గూడు. చుట్టూ తుప్పుపట్టిన ఇనుప వల. సాయంత్రం దాకా లోపల రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తీసి చూస్తే తోక మొదట్లో గాయం, నెత్తురు.

చెయ్యి తెగితే కాఫీ పొడి నొక్కి కట్టడం ఆ ఊళ్ళో తరతరాల వైద్యం. రావియా అలాగే చేసింది. కట్టు తనంతట ఊడే దాకా విప్పకూడదని కూడా ఆమెకు నేర్పారు. అది చాలక దిష్టి తీయడానికి కాగితంతో బొమ్మ కత్తిరించి, ఒక్కొక్క పేరూ చెబుతూ సూదితో పొడిచి కాల్చింది. ఊళ్ళో పదిమంది పేర్లు చెప్పింది. సమాహ్ పేరు మాత్రం ఏడుసార్లు చెప్పింది. ఆ తర్వాత అత్తగారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"చెప్పకూడదు గానీ అత్తయ్యా... సమాహ్ ఒళ్ళో కూర్చున్న గంటకే కోడి పడిపోయింది."

"నరుడి కంటికి నల్లరాయే పగులుతుంది, కోడెంత!" అంది హజ్జా తఫీదా. ఆవిడ మంచిదే. కానీ భయస్థురాలు. ఆ ముందురోజే ఆవిడ కూతురు హుస్నాకు ఆడపిల్ల పుట్టింది. వచ్చే గురువారం ఏడోరోజు వేడుక. ఆవిడ కాసేపు జపమాల తిప్పి తేల్చేసింది. "అయితే గురువారం సమాహ్‌ను కిందికి రావద్దని చెప్పేద్దాం. పసిగుడ్డు. ఎందుకొచ్చిన గొడవ!"

రావియా అంత దూరం అనుకోలేదు. అనుకోలేదు గానీ, వద్దని కూడా అనలేదు. లోపల ఎక్కడో ఒక చల్లటి సంతోషం పాకింది. ఆ సంతోషమే ఈ కథలో అసలు జబ్బు.

ఆదివారం నుంచి కొత్త అనుమానం మొదలైంది. బుట్ట దగ్గర పగిలిన చిప్పలో తాను నీళ్ళు పోయలేదు. అయినా నీళ్ళున్నాయి. ఇటుక కుడివైపు పెడితే ఎడమవైపుకు వచ్చింది. తాను లేనప్పుడు ఎవరో వస్తున్నారు. ఎవరో ఏమిటి, ఎవరో తెలియదా? చంపేదాకా నిద్రపోదా అది?

సోమవారం మధ్యాహ్నం, ఊరంతా భోంచేసి కునుకుతీసే వేళ, రావియా మేడెక్కి ఆరేసిన దుప్పట్ల వెనక నక్కింది. చేతిలో పొయ్యి ఎగదోసే ఇనప కడ్డీ. చెమట మెడ మీదుగా కారుతోంది. పది నిమిషాలు, ఇరవై.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. చెప్పులు లేని అడుగులు.

సమాహ్ వచ్చింది. అటూ ఇటూ చూసింది. సరాసరి బుట్ట దగ్గరికి వెళ్ళి ఇటుక తీసింది, గోనె తీసింది. జేబులోంచి ఏదో మెరిసేది బయటికి తీసి కోడి మీదికి వంగింది.

రావియా దుప్పటి చించుకున్నంత పనిచేసి మీదికి దూకింది. "దొరికావే! ఐదు వేళ్ళూ నీ కంట్లో!" అని దిష్టికి విరుగుడుగా అరచెయ్యి విప్పి ముఖం మీదికి చాపింది. రెండో చేతిలో కడ్డీ లేచింది.

సమాహ్ పారిపోలేదు. కనీసం తల కూడా ఎత్తలేదు.

"కొడితే తర్వాత కొట్టు అక్కా. ముందు ఇది చూడు."

ఆమె చేతిలో మెరిసింది కనుబొమ్మలు తీసుకునే ప్లక్కర్. దాని కొసతో గుడ్డ అంచు ఎత్తింది. కాఫీ పొడి పెచ్చు పెచ్చుగా లేచింది. దాని కింద గాయం కదులుతోంది. అన్నం మెతుకుల్లాంటి తెల్లటి పురుగులు, ఒకదాని మీద ఒకటి.

కడ్డీ రావియా చేతిలోంచి ఠంగున రాలిపడింది.

ఆ చప్పుడుకు హజ్జా తఫీదా ఆయాసపడుతూ పైకి వచ్చింది. చూసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఛీ ఛీ! కిరసనాయిలు పొయ్యండి, పురుగులన్నీ చస్తాయి. లేదా బిస్మిల్లా అని కోసిపారేయండి."

"కిరసనాయిలు పోస్తే పురుగులతోపాటు చర్మమూ మాడుతుంది, కోడీ పోతుంది అత్తయ్యా," అంది సమాహ్. "ఇది ఇంకా ఊపిరి తీస్తోంది. అక్కా, నీ ఒళ్ళోకి తీసుకో. నీ దగ్గరయితేనే కదలకుండా ఉంటుంది."

నీ దగ్గరయితేనే. ఆ మాట రావియాను కడ్డీ దెబ్బ కంటే గట్టిగా తాకింది.

ఆమె కోడిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. సమాహ్ కిందికి పరుగెత్తి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు గోరువెచ్చగా తెచ్చింది. సూది లేని సిరంజి, శుభ్రమైన గుడ్డలు, కత్తెర కూడా తెచ్చింది. ముందు గాయం చుట్టూ ఈకలు కత్తిరించింది. ఎండిన కాఫీని లాగకుండా నీళ్ళతో నానబెట్టి వదిలించింది. సిరంజితో ఉప్పునీళ్ళు చిమ్మితే ఊపిరాడక పురుగులు పైకి వచ్చాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు ప్లక్కర్‌తో పట్టి సబ్బునీళ్ళ డబ్బాలో వేసింది. మళ్ళీ చిమ్మింది. మళ్ళీ ఏరింది. మిష్మిషా ఒక్కసారి గింజుకుని, రావియా మోచేతి సందున తల దాచుకుంది.

"అయిపోయాయా?" అంది రావియా.

"అయిపోయాయనుకున్నప్పుడే ఇంకోసారి చూడాలి. మా నాన్న గొర్రెలకు చేసేటప్పుడు అలాగే చెప్పేవాడు. ఉండు... ఇదేమిటి?"

గాయం లోతులో ప్లక్కర్ కొస దేనికో తగిలింది. మెల్లగా లాగింది. గోరంత పొడవున్న తుప్పుపట్టిన తీగముక్క బయటికి వచ్చింది.

సమాహ్ దాన్ని రావియా అరచేతిలో పెట్టింది. ఇందాక తన కంటికి ఎదురుగా విప్పిన ఆ అరచేతిలోనే.

"ఇది కన్ను కాదక్కా. ఇనప తీగ."

రావియా పావురాల గూడు వైపు చూసింది. ఇనుప వలలో ఒక మూల తీగ విరిగి ఉంది. తలుపు బిగించిన చెయ్యి ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సమాహ్ అయోడిన్ మందును పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి గాయం తుడిచింది. తడి ఉంటే ఈగలు మళ్ళీ వాలతాయని ఒత్తి ఒత్తి ఆరబెట్టింది.

"నీకు ముందే తెలుసా?" అని రావియా అడిగింది.

"శనివారం కాఫీ వాసన వచ్చింది. గాయమేదో ఉందనుకున్నా. నిన్న నీళ్ళు పెట్టడానికి వచ్చినప్పుడు కుళ్ళిన వాసన."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమంటావ్? నీకెలా తెలిసింది, నీ కన్నే తగిలింది అంటావ్. నా పేరు ఏడుసార్లు పొడిచావట కదా. గోడలకే కాదు, బొమ్మలకూ చెవులుంటాయి ఈ ఇంట్లో." సమాహ్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నేను కుళ్ళుకోలేదని అబద్ధం చెప్పను అక్కా. నీ పిల్లలు నిన్ను 'అమ్మా' అన్న ప్రతిసారీ నా లోపల ఏదో కుళ్ళుతుంది. అయితే మనిషి కుళ్ళుకు కోడికి పురుగు పట్టదు. ఈగ వాలితే పడుతుంది. నిన్ననే ధైర్యం చేసి కట్టు విప్పి ఉంటే దీనికి ఇంత బాధ ఉండేది కాదు. నీకు భయపడి ఒకరోజు ఆగాను. ఆ తప్పు మాత్రం నాదే."

హజ్జా తఫీదా జపమాల తిప్పడం మానేసి గోడ వైపు చూస్తోంది.

"ఇప్పుడు దీన్ని ఈగ చొరని చోట పెట్టాలి," అంటూ సమాహ్ మళ్ళీ కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో కవరు విప్పని ఒక పొట్లం ఉంది. చించితే తెల్లటి దోమతెర బయటపడింది. అంచున చిన్న చిన్న పసుపు బాతులు. పసిపిల్లల ఉయ్యాలకు కట్టేది.

రావియా దాన్ని గుర్తుపట్టింది. ఏడేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఇద్దరూ కలిసి సంతలో కొన్నదే అది. బాతుల్ని ఎంచింది రావియాయే.

"అది వద్దే సమాహ్..." అంది.

"బీరువాలో ఉంటే దానికి చెదలు పడతాయి అక్కా. ఏదో ఒక ప్రాణాన్ని కాపాడనీ."

ఆ సాయంత్రం రావియా తన వంటింటి మూలనే, శుభ్రమైన గుడ్డలు పరిచిన పెట్టెలో మిష్మిషాను ఉంచి పైన ఆ తెర కట్టింది. చీకటి పడేలోగా ఇద్దరూ మళ్ళీ గాయం విప్పి చూశారు. ఇంకో మూడు పురుగులు దొరికాయి. మర్నాడు పొద్దున ఒక్కటీ లేదు. కోడి నీళ్ళు తాగింది.

అదే పొద్దున ఇద్దరూ పశువైద్యశాలకు వెళ్ళారు. డాక్టర్ కౌథర్ ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల గేదెలకూ గాడిదలకూ వైద్యం చేస్తున్న మనిషి. కసురుకోనిదే సూది వెయ్యదని పేరు. కళ్ళజోడు ముక్కు మీదికి దించి గాయం చూసింది.

"కోడి ఎవరిది?"

"మా ఇద్దరిదీ," అంది రావియా. సమాహ్ చటుక్కున తలతిప్పి చూసింది.

"కాఫీ పొడి పెట్టింది ఎవరు?"

"నేనే."

"కాఫీ తాగడానికి. నెత్తురు ఆగేలా కనిపిస్తుంది గానీ, లోపల మురికిని మూతపెట్టి ఉంచుతుంది. పురుగులు ఏరింది?"

"నేనే డాక్టరమ్మా," అంది సమాహ్.

"చెయ్యి కుదురైనదే. పని సగం నువ్వే చేశావ్." ఆవిడ ఇంజెక్షన్ వేసి, మందు రాసిచ్చింది. తాను చెప్పేదాకా ఆ కోడి గుడ్లు ఎవరూ తినొద్దంది. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలింది. "నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది నాలుగో రోజున వస్తారమ్మా. మొదటి మూడు రోజులూ ఏం చేశారంటే దాచామంటారు. దిష్టి అని దాస్తారు, పరువని దాస్తారు. పక్కింటివాళ్ళు నవ్వుతారని దాస్తారు. ఈగకు కావలసింది అదే, మీరు చూడని చోటు. గాయాన్ని మొదటి రోజే వెలుగులోకి తెచ్చి, తెలిసినవాళ్ళకు చూపిస్తే ఉప్పునీళ్ళతో పోయేది. కోడికైనా అంతే, కొంపకైనా అంతే. పదండి, బయట గేదె ఎదురుచూస్తోంది."

గురువారం వచ్చింది. హుస్నా బిడ్డకు ఏడోరోజు. కింది అంతస్తులో ఇసకేస్తే రాలనంత మంది ఆడవాళ్ళు. బిడ్డను జల్లెడలో పడుకోబెట్టారు. చుట్టూ ఏడు రకాల గింజలు చల్లారు. హజ్జా తఫీదా ఇత్తడి రోలు ముందు కూర్చుని, బిడ్డ చెవి దగ్గర రోకలి ఠంగ్ ఠంగ్ మోగించడం మొదలుపెట్టింది. "అమ్మ మాట విను! నాన్న మాట విను!"

సమాహ్ లేదు. పొద్దున్నే ఆమె మేడెక్కింది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతోంది. రావద్దని హజ్జా శనివారమే చెప్పేసింది. తర్వాత కోడి సంగతి తెలిసినా, చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి ఆవిడకు నోరు రాలేదు. నలుగురికీ అప్పటికే పాకిపోయింది కదా!

రావియా గుమ్మం దగ్గర నిలబడి అందరి ముఖాలూ చూసింది. ఇక్కడ నోరు మూసుకుంటే తనకేమీ నష్టం లేదు. నోరు తెరిస్తే రేపటి నుంచి నీళ్ళ పంపు దగ్గర, రొట్టెల దుకాణం దగ్గర తన గురించే చెప్పుకుంటారు. పోగొట్టుకునేది చిన్నదేమీ కాదు, ఊళ్ళో తన మంచిపేరు.

"రోకలి ఆపండి అత్తయ్యా," అంది.

ఠంగుమన్న చప్పుడు సగంలో ఆగిపోయింది.

రావియా అరచెయ్యి విప్పి, ఐదు వేళ్ళూ చాపి అందరికీ చూపించింది. దిష్టి తీసే ఆ చేతిని చూసి ఒకరిద్దరు ముసలమ్మలు దేవుడి పేరు తలిచారు. అరచేతి మధ్యలో తుప్పుపట్టిన తీగముక్క ఉంది.

"నా కోడికి తగిలిన దిష్టి ఇదిగో. నేనే గూట్లో కుక్కాను, అది సమాహ్ ఒళ్ళో కూర్చుందన్న కుళ్ళుతో. గాయమైతే నేనే దాచాను. పురుగు పడితే దాని కన్నన్నాను. మీలో సగంమంది నా మాట నమ్మారు. ఎందుకు నమ్మారో నాకు తెలుసు. పిల్లల్లేని ఆడదాని మీద ఏ నింద వేసినా అతుక్కుంటుంది, అందుకని. కళ్ళలో నిప్పులు పోసుకుంది నేను. ఇవాళ ఈ ఇంట్లోకి రాకూడని కన్నంటూ ఉంటే అది నాది. చెప్పండి, వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను."

జల్లెడలో బిడ్డ ఒక్కటే కాళ్ళాడిస్తోంది.

ముందు కదిలింది హుస్నా. "సమాహ్ వదిన పైనే ఉందా?" అంది. "నా బిడ్డను జల్లెడలోంచి తీసేది ఆమే. పిలువు."

హజ్జా తఫీదా రోకలి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. "నేను పిలవాల్సింది," అని గొణిగింది. "మెట్లెక్కలేను గానీ... గట్టిగా పిలవ్వే, ముసలిదాన్ని, నా తరఫున కూడా."

రావియా మెట్ల దగ్గరికి వెళ్ళి, తల పైకెత్తి, మూడంతస్తులూ మోగేలా పిలిచింది.

"ఉమ్ మిష్మిషా! ఓ ఉమ్ మిష్మిషా! కిందికి రావే, బిడ్డ ఎదురుచూస్తోంది!"

పైన నీళ్ళ చప్పుడు ఆగింది. ఆ తర్వాత మెట్ల మీద అడుగులు, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొస్తున్న అడుగులు. రావియా ఈసారి దేన్నీ దాచలేదు. మధ్య అంతస్తులో తన వంటింటి తలుపు బార్లా తెరిచి ఉంది. పసుపు బాతుల తెర కింద మిష్మిషా గింజలు ఏరుకుంటూ మెట్ల మీద వచ్చేపోయే అందరికీ కనబడుతోంది.

గాయానికి పురుగు పట్టించేది చూసే కన్ను కాదు, దాచే చెయ్యి.